సన్నమెడ తూటా

ప్రయోగం 19. పిస్తోలు.

మెడ మళ్లీ పగిలింది.

తూటా ఇత్తడి తొడుగు మూతి దగ్గర మొదలై భుజం దాకా వెంట్రుకంత చీలిక. లావు తూటా తొడుగును అచ్చులో నొక్కి మెడ సన్నం చేస్తే ఇత్తడి మొండికేస్తుంది. దానికి మళ్లీ మంట చూపించి మెత్తబరచాలి. మంట ఎక్కువైతే తొడుగు చచ్చుబడుతుంది, తక్కువైతే పగులుతుంది. ఈసారి తక్కువైంది. తప్పు నాదే. ఇలా రాసుకోవడం నాకేం సరదా కాదు గానీ, నా తర్వాత ఈ లేత్ ముందు కూర్చునేవాడికి నా గొప్పలతో పనిలేదు, నా తప్పులతోనే పని.

ఇంత తంటా నక్కల కోసం. పాతకాలంలో ఎవరో బొగ్గు గనుల మీద కాపలాకు వదిలిన నాలుగు కాళ్ల యంత్రాలవి. వదిలినవాళ్లు పోయారు, అవి మాత్రం డ్యూటీ మానలేదు. మన లావు గుండు నక్క రేకుకు తగిలితే రొట్టెలా చదునై కింద పడుతుంది. కొట్టాల్సింది కంటి అద్దాన్ని. అది బొటనవేలి గోరంత ఉంటుంది, చాలా మందం. కాబట్టి సన్నటి గుండు కావాలి, అది పిచ్చి వేగంతో పోవాలి. లావు తొడుగులో పట్టినంత తుపాకిమందు, సన్నటి మూతిలో చిన్న గుండు. నేల కింద మేం తలదాచుకున్న ఈ గని బాయిలో అందరూ దీన్ని సన్నమెడ అంటున్నారు. ఇత్తడి దండిగా ఉంటే పిస్తోలుకొకటి, పొడుగు గొట్టపు కార్బైన్‌కొకటి చేసేవాణ్ణి. లేదు కాబట్టి రెండింటికీ ఇదే.

ఇవాళ్టి ప్రయోగం గేటు కాపలాదారు పోశాలు చూశాడు. పాత నక్క రేకు ఒకటి గోడకు ఆనించి కాల్చాం. గుండు తగిలిన చోట చిన్న సొట్ట పడింది, అంతే.

"ఓదెలన్నా, నీ గుండు నక్కకు బొట్టు పెట్టినట్టే ఉన్నది. జర పసుపు గూడ రాస్తే పేరంటానికి పోతది," అన్నాడు.

వాడి నోరు ఊరుకోదు. కానీ రోజూ ఆ పిస్తోలు పట్టుకుని తలుపు వెనక నిలబడేది వాడే. నవ్వుతూనే రేకు మీద సొట్టను వేలితో తడిమి తడిమి చూశాడు.

ప్రయోగం 22. కార్బైన్, తర్వాత పిస్తోలు.

కార్బైన్‌తో కొడితే రేకుకు ఇవతలి నుంచి అవతలికి చిల్లు పడింది. చిల్లులోంచి దీపం కనిపిస్తుంటే చిన్నపిల్లాడిలా గెంతులేశాను. అదే తూటా పిస్తోలులో పెట్టి పేలిస్తే మూరెడు మంట వచ్చింది, గుండు మాత్రం ముసలి ఎద్దులా నడిచింది. పిస్తోలు గొట్టం పొట్టిది. లోపల మండాల్సిన మందు బయటికొచ్చి మండుతోంది. అయితే గేటుకు కూడా కార్బైనే పెట్టొచ్చు కదా అని నా తర్వాతివాడు అడుగుతాడేమో. గేటు మలుపు ఎంత ఇరుకో వచ్చి చూసుకో, నాయనా. అక్కడ కార్బైన్ తిరగదు.

పైన గాలి ఫ్యాన్ అరుపు ఇవాళ నా లేత్ చప్పుడును కూడా మింగేసింది. దాని బేరింగ్ అరిగిపోయింది. అది ఆగితే బాయిలో ఇంతమందికి గాలి ఆగుతుంది. పాత కరెంటు ఫ్యాక్టరీలో అలాంటి బేరింగ్ దొరకవచ్చని హాజరు చూసే మస్టర్ పెద్ద రాజవ్వ అనడం, మా సారక్క నేను పోతానని చెయ్యెత్తడం ఒకేసారి జరిగాయి. తోడుగా వరసకు మా మేనల్లుడు మొగిలి పోతున్నాడు. సారక్క నా బిడ్డ. ఒక్కతే బిడ్డ.

పైకి పోయేవాళ్లు తమ ఇత్తడి బిళ్ళను మస్టర్ బోర్డు మీది కొక్కేనికి తగిలించి పోతారు. తిరిగొచ్చి తలుపు బయట నెంబరు చెబితే లోపలివాళ్లు బోర్డు చూస్తారు. బిళ్ళ ఉంటే మన మనిషి పైన ఉన్నట్టు, గడియ తీస్తారు. లేకుంటే తియ్యరు. నక్కలు విన్న మాటను దాచుకుంటాయి, విన్న గొంతుతోనే పిలుస్తాయి. అందుకే పైన ఎవరూ పేరు పలకరు, వరస పలకరు. అక్క లేదు, అన్న లేదు, నెంబరే.

మొదటిసారి సారక్కను పైకి తీసుకుపోయినప్పుడు ఆకాశం చూసి అది నోరు తెరిచింది. వచ్చిన మొదటి మాట "బా" అని సగమే వచ్చింది. నేను దాని నోరు గట్టిగా మూసేశాను. పైన నన్ను బాపు అనకూడదు, నలభై ఒకటి అనాలి అని అంతకుముందు నూరుసార్లు చెప్పాను మరి. అది నా అరచెయ్యి కొరికింది. అప్పటి నుంచి కోపం వచ్చినా, ముద్దు వచ్చినా ఇంట్లో కూడా నన్ను నలభై ఒకటి అంటుంది.

ఇవాళ బిళ్ళ తగిలిస్తూ అడిగింది: "నలభై ఒకటీ, నీ తూటా ఎప్పుడు కుదురుతది? నేనొచ్చేలోపన్న అయితదా?"

"అంతా కుదిరింది. మెడనే పగులుతున్నది."

"మెడ సంగతి అవ్వనడుగు. పెండ్లయిన్నాటి నుంచి నీ మెడ వంచుతనే ఉన్నది, ఒక్కసారన్న పగిలిందా?"

లసుమ నవ్వింది. నా భార్య అంత గట్టిగా నవ్వడం ఈ మధ్య వినలేదు. సారక్క టోపీ లైటు సర్దుకుని, మొగిలి వెనకాల ఏటవాలు దారి ఎక్కి పోయింది. బోర్డు మీద దాని బిళ్ళ, నూట పద్దెనిమిది, కాసేపు ఊగి ఆగింది.

ప్రయోగం లేదు.

మొగిలి ఒక్కడే వచ్చాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర నుజ్జు అయింది.

"దుమ్ముల ఇద్దరం యిడిపోయినం మామా. నక్కలు చుట్టుముట్టినయి. నూట పద్దెనిమిది, నూట పద్దెనిమిది అని అరిసింది. నేను అటు ఉరికిన. మళ్ల అదే గొంతు ఇటు దిక్కు ఇనవడ్డది. మళ్ల ఇంకో దిక్కు. ఏది మన పిల్లనో, ఏది నక్కనో నాకు తెల్వలే."

లసుమ వాడికి గట్క జావ తాగించి, గిన్నె పక్కన పెట్టి, ఒక్కటే అడిగింది.

"పడుడు చూసినవా?"

"సూడలే అత్తా."

"అయితే ఊకో," అని వాడి చేతికి కట్టు కట్టింది. తర్వాత తన పుట్టగొడుగుల మడి దగ్గరికి పోయి నీళ్లు చల్లింది. చల్లిన మడికే మళ్లీ చల్లుతుంటే నేను వెళ్లి చెంబు తీసుకున్నాను.

ప్రయోగం 25. పిస్తోలు. గేటు దగ్గర.

ఇది ప్రయోగం కాదు, నిజంగానే కాల్చాల్సి వచ్చింది.

పొద్దుగూకే వేళ దుమ్ములోంచి పిలుపు వచ్చింది. "నూట పద్దెనిమిది." నా బిడ్డ గొంతు. పోశాలు బోర్డు చూశాడు, బిళ్ళ ఉంది. "వచ్చిందన్నా! వచ్చింది!" అని గడియ సగం లాగేశాడు. నేను పరుగున పోయి తలుపులోని చూపు సందుకు కన్ను ఆనించాను. దుమ్ములో నాలుగు కాళ్లు. గడియ మీద పోశాలు చేతిని కొట్టి, వాడి నడుముకున్న పిస్తోలు లాక్కుని కాల్చాను. గుండు రేకు మీద టంగుమని ఎగిరిపోయింది. నక్క కదల్లేదు. "నూట పద్దెనిమిది," అంది, అంతే నిదానంగా. పలకరింపుకు బదులు చెప్పినట్టు.

పోశాలు తలుపుకు వీపు ఆనించి కింద కూలబడ్డాడు. ఇవాళ వాడికి పరాచికాలు తోచలేదు.

ప్రయోగం 28. పిస్తోలు.

చురుకైన మందు దొరికింది, పాత గోదాములో తడవకుండా మిగిలింది. పొట్టి గొట్టంలోనే మండిపోతోంది. వేగం వచ్చింది. కానీ ఆ ఒత్తిడికి నా పాత తొడుగులు ఆగడం లేదు. ఎన్నోసార్లు వాడిన ఇత్తడి, పాత బట్టలా చిరుగుతోంది. ఒకటైతే పిస్తోలులోనే పగిలి నా చెంప కాల్చింది.

కొత్త ఇత్తడి కావాలి. మందమైనది.

ఆ నక్క రోజూ వస్తోంది. పొద్దుగూకితే చాలు, బిడ్డ గొంతు. నేను లేత్ మీద ఇనుము కోస్తూ ఆ చప్పుడులో దాక్కుంటున్నాను. లేత్ ఆపితే వినిపిస్తుంది. చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నా వినిపిస్తుంది. లసుమ మాత్రం గేటు దగ్గరికి పోయి కూర్చుంటోంది, వినడానికి. ఇదేం మనిషి అని నాకు కోపం వస్తోంది.

రాజవ్వ లేత్ దగ్గరికి వచ్చింది. ఆమె ఊరికే రాదు.

"ఓదెలూ, బిళ్ళ దించాలె."

"ఇంకొన్ని దినాలు చూద్దాం అక్కా."

"చూసుడు గాదు. ఆ బిళ్ళ బోర్డు మీద ఉన్నన్ని దినాలు ఆ నక్కకు తాళంచెవి ఇచ్చినట్టే. మొన్న పోశాలును నువ్వు ఆపినవ్, రేపు ఇంకొకడు తలుపు తీస్తడు. లోపల పిల్లలున్నరు."

బిళ్ళ దించాల్సింది కన్నవాళ్లో కట్టుకున్నవాళ్లో. వేరేవాళ్లు ముట్టరు. దించిన ఇత్తడి నా దగ్గరికే వస్తుంది, తూటా తొడుగు అవుతుంది. పోయినవాళ్లు కూడా బాయిని కాపలా కాస్తారని మా నమ్మకం. ఎందరి బిళ్ళలో ఇలా నా చేతుల మీదుగా తొడుగులయ్యాయి.

లసుమతో చెప్పాను. పుట్టగొడుగులు తుంచుతున్నది తుంచుతున్నట్టే ఆగింది.

"గొంతు దొరికితే మనిషి దొరికినట్టా? నువ్వు బిళ్ళ దించినంక నా బిడ్డ వచ్చి తలుపు కొడితే ఎవలు తీస్తరు?"

"రాదు లసుమా."

"రాదని నీకు ఏ నక్క చెప్పింది?"

అయినా పోయి దించాను. రాజవ్వ చూస్తుండగా నెంబరు పైకి చదివాను. నిజం రాస్తున్నాను: పిల్లల కోసం దించలేదు, బాయి కోసం దించలేదు. ఆ గొంతు ఆగాలి. దాన్ని ఆపే తూటాకు మందమైన ఇత్తడి కావాలి. నా బిడ్డ బిళ్ళ మందంగా ఉంది. అది పుట్టినప్పుడు నేనే మందపు రేకులోంచి కోశాను, ఎన్నేళ్లయినా అరగకూడదని.

ప్రయోగం 31. తొడుగు తయారీ.

బిళ్ళను మంట చూపించి గిన్నెలా వంచాను. మళ్లీ మంట, మళ్లీ అచ్చు. గిన్నె గ్లాసయింది, గ్లాసు గొట్టమయింది. నేను ఇంత ఓపికగా ఏ పనీ చెయ్యలేదు. మెడ దగ్గర మంట రంగు చూస్తూ ఊపిరి బిగబట్టాను. ఇత్తడి లొంగింది. పగల్లేదు. మధ్యలో కొట్టిన నెంబరు తొడుగు అడుగున అలాగే మిగిలిపోయింది. రాకి పోగొట్టవచ్చు. పోగొట్టలేదు.

గుండు రాగి తీగతో చేశాను. మందు నింపి మూతి బిగించాను. ఒక్కటే తూటా. నా పనిలో ఇంత అందమైనది ఇంతవరకు లేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ లేదు.

ప్రయోగం 32. పిస్తోలు. గేటు దగ్గర.

మధ్యాహ్నం నుంచే దుమ్ముగాలి లేచింది. చూపు సందులోంచి చూస్తే అంతా గోధుమరంగు. పోశాలును పక్కకు జరగమన్నాను. ఇవాళ పిస్తోలు నాది. లసుమ ఇంకా రాలేదు, మడి దగ్గరే ఉంది.

రోజూ వచ్చే వేళకన్నా ముందే వచ్చింది. తలుపుకు చాలా దగ్గరగా.

"నూట పద్దెనిమిది."

పోశాలు బోర్డు వైపు చూశాడు. కొక్కెం ఖాళీ. "లేదు," అన్నాడు నాతో, మెల్లగా. ఆ సంగతి నాకు చెబుతున్నాడు వాడు.

"నూట పద్దెనిమిది. తలుపు తియ్యుండ్రి."

కొత్త మాట నేర్చింది అనుకున్నాను. పైకి పోయినవాళ్లెవరో గేటు ముందు అన్నదే విని ఉంటుంది అనుకున్నాను. సందులోంచి గొట్టం బయటికి పెట్టాను. దుమ్ములో వంగిన ఆకారం ఒకటి, కింద మోకాళ్ల మీద, చేతుల మీద ఉన్నట్టుగా. నాకు నాలుగు కాళ్లే కనిపించాయి. పైన చిన్న మెరుపు. కంటి అద్దం అనుకున్నాను. దానికి గురి పెట్టాను.

"నలభై ఒకటీ, నేనే."

అది కూడా పైన వినే ఉంటుంది. ఎన్నిసార్లు పైన నన్ను అలా పిలవలేదు!

అప్పుడు అంది: "బాపూ."

విన్నాను. వినలేదని రాస్తే ఈ పుటకు అర్థం లేదు. విన్నాను, విని నొక్కాను. ఆ మాట కూడా ఎత్తుకొచ్చావా, నీ పాపం పండిందే అని ఒళ్లు మండింది. మంట చిన్నదే వచ్చింది, లోపలే మండింది మందు. ఆకారం పడింది. గొంతు ఆగింది.

పోశాలు నన్ను వాటేసుకున్నాడు. "పడ్డది! పిస్తోలుతోని పడ్డది! ఓదెలన్నా, గెలిచినవే!" వెనక నుంచి కూడా ఎవరో కేకలేశారు. నేను తొడుగు బయటికి తీసి దీపం దగ్గర మెడ చూశాను. చీలిక లేదు. వెంట్రుకంత కూడా లేదు.

దుమ్ము తగ్గేదాకా తలుపు తియ్యకూడదు, అది నియమం. తొడుగు నా గుప్పిట్లో వేడిగా ఉంది. నక్క పడితే రేకుల చప్పుడు రావాలి కదా అని అప్పుడు తోచింది. రాలేదు. ఆ వెంటనే రెండోది తోచింది. బాపు అనే మాట దానికి ఎవరు నేర్పారు? పైన ఆ మాట ఎవరూ అనరు. నా బిడ్డ ఒక్కసారి సగం అన్నది, ఆ సగాన్ని కూడా నేను నా చేత్తో మూసేశాను. ఏ నక్కా ఆ మాట వినలేదు. వినే వీలు లేదు.

గడియ నేనే లాగాను. పోశాలు నియమం అంటూ అడ్డం వస్తే తోసేశాను.

సారక్క తలుపుకు మూడడుగుల దూరంలో ఉంది. టోపీ లైటు అద్దం మీద దుమ్ము, మెరిసింది అదే. గుండు దాని కింద తగిలింది. చిన్న రంధ్రం. సన్నమెడ గాయం ఎంత చిన్నగా ఉంటుందో నాకు తెలియదు, ఇంతవరకు రేకు మీదే చూశాను. కుడికాలు చీలమండ దగ్గర విరిగి ఉంది, అందుకే పాకుతూ వచ్చింది. కడుపుకు గుడ్డతో బేరింగ్ కట్టుకుంది. పొట్టలో బిడ్డను మోసినట్టు మోసుకొచ్చింది.

పలికే ప్రాణం లేదు.

ఈ పుటకు నెంబరు లేదు.

బేరింగ్ సరిగ్గా సరిపోయింది. ఫ్యాన్ మెత్తగా తిరుగుతోంది. గాలి ఇంత హాయిగా వచ్చి ఎన్నాళ్లయిందో అని అందరూ అనుకుంటున్నారు, నేను కనిపిస్తే ఆ మాట ఆపేస్తున్నారు.

లసుమ తిట్టి ఉంటే, కొట్టి ఉంటే ఎక్కడో ఒక చోట నిలబడేవాణ్ణి. నా గుప్పిట తెరిచి తొడుగు తీసుకుంది. అడుగున నెంబరు వేలితో తడిమింది. మస్టర్ బోర్డు దగ్గరికి పోయి, తొడుగు మెడకు తీగ చుట్టి, ఆ ఖాళీ కొక్కేనికి తగిలించింది. రాజవ్వ అక్కడే ఉంది. దించిన బిళ్ళను మళ్లీ ఎక్కించకూడదనే నియమం కాపాడేది ఆమే. పక్కకు జరిగి దారిచ్చింది.

మొగిలి కట్టు కట్టిన చేత్తోనే వచ్చి బోర్డు కింద కూర్చుని ఏడ్చాడు. నాకు ఏడుపు కూడా రావడం లేదు. వచ్చినా ఏ ముఖంతో ఏడవాలి?

ప్రయోగం 33. చెయ్యలేదు.

రాజవ్వ అడగలేక అడగలేక అడిగింది. ఆ తొడుగు గట్టిది, మెడ పగల్లేదు, మళ్లీ నింపితే పనికొస్తుంది. నక్కలు ఇంకా ఉన్నాయి. నిజమే. నేనే ఇంకొకరి ఇంటికి పోయి ఈ మాట ఎన్నిసార్లు అడిగానో. లసుమతో చెప్పే ధైర్యం లేక బోర్డు దగ్గరికి పోయి తొడుగు తీసి నింపాను. నిప్పంటించే క్యాప్, మందు, రాగి గుండు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. పిస్తోలులో పెట్టి గేటు దగ్గరికి పోయాను.

పొద్దుగూకింది. దుమ్ము లేదు, ఆకాశం ఎర్రగా స్పష్టంగా ఉంది. నక్క వచ్చి తలుపుకు ఎదురుగా నిలబడింది. ఆ రోజు కూడా అది అక్కడే ఎక్కడో నిలబడి వింది కాబోలు.

"నూట పద్దెనిమిది," అంది.

తర్వాత, "బాపూ."

గొంతు అదే. ఆ చివర కాస్త సాగదీయడం కూడా అదే. నా బిడ్డ పైన అన్న ఒకే ఒక్క బాపూ.

కంటి అద్దం నా గురిలో నిలకడగా ఉంది. ఇంతకన్నా సులువైన గురి ఎప్పుడూ దొరకదు. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. లసుమ. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"కొట్టకు," అంది. "బిడ్డ గొంతు ఇగ దాని దగ్గరనే ఉన్నది."

"తలుపు తియ్యుండ్రి," అంది నక్క. "బాపూ. నేనే."

పిస్తోలు దించాను. లసుమ తలుపుకు చెంప ఆనించి, చల్లటి ఇనుము మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. అది పిలిచినప్పుడల్లా "ఊ" అంటోంది, సారక్క చిన్నప్పుడు నిద్రలో పిలిస్తే పలికినట్టు. పోశాలు దూరంగా జరిగి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

రేపు అది వస్తుంది. ఎల్లుండి వస్తుంది. ఒకనాడు ఎవరో మెత్తబడి తలుపు తీస్తారు, అది బహుశా లసుమే అవుతుంది, లేదా నేనే అవుతాను. అందుకని నా తర్వాతివాడి కోసం రాసి పెడుతున్నాను. తూటా పిస్తోలులోనే ఉంది. మెడ పగలదు, గురి తప్పదు. నా వల్ల కాదు, నువ్వే పేల్చాలి.